పడిపోకుండ నిలుచుట



పక్షవాతము గురించి ఈ శీర్షికలో వ్రాయమని చాలామంది అడిగారు. ఆ జబ్బు ఎందుకు వస్తుంది, రాకుండ ఏమి చేయాలి అని చెప్పేవారు పత్రికలలోను టీవీలోను ఉన్నారు. ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చిన తరువాత సంగతి చెప్పేవారు తక్కువ. కాబట్టి ఈ నెల మేము ఆ సంగతే వ్రాస్తున్నాము. అందులోను ఒక్క భాగమే. మనిషి మరల తన కాళ్ళమీద తూలకుండ నిలబడుట, దానికి ఇంటివద్దనే, ఫిజియోథెరపిస్టు ఫోనులో చూస్తుండగా చేయు వ్యాయామము.

మన పల్లెలలో జరిగేది అందరికి తెలిసినదే. కాలు చెయ్యి పడిపోయిందని పట్నము ఆసుపత్రికి తీసుకొనిపోతారు. వారమో పది దినములో ఉంచుతారు. ప్రాణగండము తప్పిందని చెప్పి, బి.పి. మాత్రలు వ్రాసి, బొమ్మలున్న కాగితమొకటి చేతికిచ్చి, రోజూ వ్యాయామము చేయించండి అని పంపుతారు. ఫిజియోథెరపీ చేసేవారు ఉండేది ముప్పై, నలభై కిలోమీటర్ల దూరములో. ఆటో కిరాయి ఒకటి, వెంట వెళ్ళే ఇద్దరికి కూలి పోవుట ఒకటి. రెండు వారములు వెళ్తారు. మూడవ వారము నాట్లో, మిర్చి కోతలో వస్తాయి. ఇక ఆ మనిషి వసారాలో నులక మంచముమీదికి చేరతాడు. కాగితము దూలములో చెక్కబడి ఉంటుంది.

ఇంటివారిని తప్పుపట్టుటకు ఇది వ్రాయలేదు. దూరము, డబ్బు, పని, ఈ మూడు కలిసినప్పుడు ఎవరైనా అంతే.

ముందుగా ఒక మాట త్వరగా చెప్పి ముందుకు వెళ్తాము. మూతి వంకరపోవుట, ఒక చెయ్యి లేవకపోవుట, మాట తడబడుట, వీటిలో ఏది అకస్మాత్తుగా కనబడినా వెంటనే 108కి ఫోను చేయండి. నెత్తురు గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే ఆ గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపల పడాలి. ఆ గంటలను నాటుమందుకని, పావురము రక్తము పూయుటకని పోగొట్టుకొన్న ఇండ్లు మేము ఎరుగుదుము. పావురము రక్తమువలన మెదడులోని గడ్డ కరగదు.

ఇక నిలకడ సంగతి. నెత్తిమీద నీళ్ళ బిందెతో పొలము గట్టుమీద నడిచివచ్చే స్త్రీని చూడండి. ఆమె తన కాళ్ళను గురించి ఆలోచించదు. కళ్ళు చూస్తున్నవి, లోపలి చెవి తల ఎటు ఒరిగిందో చెబుతున్నది, అరికాళ్ళు మట్టి మెత్తగా ఉన్నదో గట్టిగా ఉన్నదో చెబుతున్నవి. ఈ మూడు కబుర్లను మెదడు క్షణములో కలిపి ఏ కండరము ఎంత బిగియాలో ఆజ్ఞాపిస్తుంది. పక్షవాతము వచ్చినప్పుడు దెబ్బ తగిలేది ఈ కలిపే చోట. కాలులో బలము కొంత తిరిగివచ్చినా మనిషి తూలుట అందుకే. అతడు బరువంతా మంచి కాలుమీదనే వేస్తాడు, జబ్బు కాలును నమ్మడు. ఒకసారి పడితే భయము పుడుతుంది. భయముతో కదలడు. కదలకపోతే ఉన్న బలము కూడ పోతుంది. పెద్దవయస్సులో పడితే తుంటి ఎముక విరుగుతుంది, ఆ తరువాత మంచము దిగని వారెందరో ఉన్నారు.

అయితే మెదడుకు దేవుడు ఇచ్చిన ఒక గుణమున్నది. చెడిపోయిన భాగము చేసిన పనిని పక్కనున్న భాగములు కొంతవరకు నేర్చుకొంటాయి. నేర్చుకొనుట అన్నది మరల మరల చేయుటవలననే. మన పిల్లలు అక్షరాలు దిద్ది నేర్చినట్లే.

ఇక్కడ విశ్వాసుల ఇండ్లలో వినబడే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ప్రార్థన చేయించాము గదా, మరల ఈ వ్యాయామములు చేస్తే అది అవిశ్వాసము కాదా అని. హిజ్కియా రాజు కథ చదవండి, 2 రాజులు 20వ అధ్యాయము. దేవుడు అతని కన్నీళ్ళు చూచి, బాగుచేస్తానని, ఆయుష్షు పదునైదు సంవత్సరములు పెంచుతానని ప్రవక్త నోట మాట ఇచ్చాడు. మాట వచ్చిన తరువాతనే అదే ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు. వాగ్దానము ఉన్నది గదా, ముద్ద ఎందుకు అని రాజు అడుగలేదు. దేవాలయపు ద్వారమువద్ద కుంటివానితో పేతురు యేసు నామమున లేచి నడువమని చెప్పాడు. అంతటితో దూరముగా నిలబడక అతని కుడిచెయ్యి పట్టి లేపాడు. చెయ్యి పట్టుట ఆయన విశ్వాసమునకు తక్కువ కాలేదు.

బి.పి. మాత్రల విషయములో మాత్రము మేము కఠినముగానే చెబుతాము. ప్రార్థన జరిగింది, ఇక మాత్రలు అక్కరలేదు అని ఎవరు చెప్పినా, ఎంత గొప్ప సేవకుడు చెప్పినా వినవద్దు. మాత్రలు మానిన ఇంటికి రెండవ పక్షవాతము వచ్చుట మేము చూచాము.

ఫోనులో వ్యాయామము ఎలా జరుగుతుందో వివరముగా చెబుతాము. మొదటిసారి మాత్రము ఫిజియోథెరపిస్టు స్వయముగా మనిషిని చూడడము మంచిది. బి.పి., గుండె, చక్కెర సంగతి వైద్యుని అడిగి, నిలకడ ఎంత ఉన్నదో కొలుస్తారు. దానికి బెర్గ్ స్కేలు అని ఒకటున్నది. కెనడా దేశపు ఫిజియోథెరపిస్టు కేథరిన్ బెర్గ్, ఆమెతోటివారు 1989లో ప్రచురించారు. కుర్చీలోనుండి లేచుట, కళ్ళు మూసుకొని నిలబడుట, నేలమీది వస్తువు తీయుట, చుట్టూ తిరుగుట, ఇలా 14 పనులు. ఒక్కొక్క దానికి 4 మార్కుల లెక్కన మొత్తము 56. ఇప్పుడు ఎంత, నెల తరువాత ఎంత అని చూచుకొనుటకు అది పనికివస్తుంది. ఆ తరువాత వారానికి రెండు మూడు సార్లు ఏర్పాటైన వేళకు వీడియో కాల్. మిగతా దినములలో ఇంటివారే చేయిస్తారు.

ఫోను ఎవరి చేతిలోను ఉండకూడదు. నడుము ఎత్తున గట్టిగా ఒకచోట నిలబెట్టాలి, తల మొదలు పాదములవరకు కనబడాలి. ముఖ్యముగా పాదములు. వెలుతురు వచ్చే వాకిలికి ఎదురుగా ఫోను పెడితే అవతలివారికి నల్లని నీడ తప్ప ఏమీ కనబడదు. సిగ్నలు అందుట లేదని డాబామీదికి ఎక్కించిన వారున్నారు, దయచేసి ఆ పని చేయకండి. సిగ్నలు లేని ఇంటిలో మాట మామూలు ఫోనులో మాట్లాడి, వీడియో తీసి తరువాత పంపినా కొంత మేలే.

నేల తడిగా ఉండకూడదు. నున్నని బండలమీద మేజోళ్ళతో నిలబెట్టవద్దు, వట్టి కాళ్ళో, వెనుక పట్టీ ఉన్న చెప్పులో మేలు. పంచె గాని లుంగీ గాని ఎగకట్టాలి, చీర కుచ్చిళ్ళు పైకి దోపాలి. కుర్చీ అంటే ప్లాస్టిక్ కుర్చీ తెస్తారు. అది జారుతుంది, ఒరుగుతుంది. చెక్క కుర్చీయో, బరువైన బల్లయో గోడకు ఆనించి వేయండి. పక్కన నిలబడేవారు జబ్బు వైపున, కొంచెము వెనుకగా నిలబడాలి. ఒక తువాలు నడుముకు గట్టిగా కట్టి దానిని పట్టుకోవాలి. పడిపోయిన చేతిని పట్టి లాగి లేపుట మన ఇండ్లలో మామూలు. ఆ భుజములో కండరము వదులై ఉంటుంది, లాగితే కీలు జారుతుంది, తరువాత నెలల తరబడి నొప్పి. ఇంటికి వచ్చిన బంధువులకు కూడ ఈ మాట చెప్పండి. ప్రేమతో లాగేది వారే.

వ్యాయామములు చూచుటకు చిన్నవి. కుర్చీలో పాదములను మోకాళ్ళకంటె కొంచెము వెనుకకు పెట్టి, ముందుకు వంగి, చేతులు ఊనకుండ లేచి మరల నెమ్మదిగా కూర్చొనుట. వంటగట్టు పట్టుకొని నిలబడి బరువును ఈ కాలుమీదనుండి ఆ కాలుమీదికి మార్చుట. రెండు పాదములు దగ్గరగా పెట్టి నిలుచుట, అది వచ్చిన తరువాత ఒక పాదము ముందు ఒక పాదము పెట్టి నిలుచుట. పక్కనున్న చెంబును చెయ్యిచాచి అందుకొనుట. గోడవెంట పక్కకు అడుగులు వేయుట. సులభమైనది వచ్చిన వెంటనే కొంచెము కష్టమైనది ఇవ్వాలి, కష్టమైనది తూలిస్తే వెనుకకు రావాలి. ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో చెప్పుటకే ఫోనులో ఆ కన్ను అవసరము. కళ్ళు తిరిగినా, గుండెలో నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా కూర్చుండబెట్టి ఆపివేయాలి. అన్నము తినగానే వద్దు.

మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నారు. చాలాకాలము సంఘపెద్దగా ఉండి కానుకల లెక్క చూచినవారు. ఎడమవైపు పడిపోయింది. మేము వెళ్ళి ప్రార్థన చేసి, త్వరలో మందిరానికి వస్తారు తాతగారూ అన్నాము. ఆయన అన్న మాట ఇది: "మందిరము సంగతి తరువాత అయ్యగారూ. రాత్రిళ్ళు కోడలిని లేపకుండ దొడ్లోకి పోయి రాగలిగితే నాకు చాలు." కోడలు తెల్లవారి ఆరు గంటలకే కూలికి పోవలసిన మనిషి. రాత్రికి మూడుసార్లు లేస్తున్నది. ఒకనాడు విసుగుతో ఏదో మాట అన్నదట. ఆ మాటకు ఆయన సాయంత్రము నుండి నీళ్ళు త్రాగుట మానివేశాడు, రాత్రి లేవవలసిన పని లేకుండ.

పట్నములోని ఫిజియోథెరపీ డాక్టరమ్మకు ఫోనులో ఈ సంగతి చెప్పాము. ఆమె మంచము దగ్గరనుండి దొడ్డి తలుపువరకు ఫోను పట్టుకొని నడవమని అడిగింది. మంచము మరీ పల్లముగా ఉన్నది, కాళ్ళక్రింద ఇటుకలు పెట్టించింది. నడవలో దీపము లేదు. గడప జానెడు ఎత్తున్నది, అవతల మెట్టు పల్లము. ఆసుపత్రి హాలులో నున్నని నేలమీద నడిపించేవారికి ఈ గడప ఎన్నటికి కనబడి ఉండేది కాదు. ఆనాటినుండి ఆయన వ్యాయామమంతా ఆ గడప చుట్టూ జరిగింది. మంచములో పక్కకు తిరిగి లేచుట, లేచిన వెంటనే నడవక కొంచెము సేపు నిలుచుట, చిన్న పీటమీద కాలు పెట్టి తీయుట, మలుపు తిరుగుట. గోడకు ఒక ఇనుప కమ్మీ బిగించారు. నడవలో చిన్న బల్బు పెట్టారు.

కోడలు పనికి పోయిన తరువాత చేయించేది ఎవరు? మనుమడికి పన్నెండేండ్లు. ఫోను సరిచేయుటకు, అంకెలు లెక్కపెట్టుటకు వాడు చాలును గాని తాతగారి బరువు ఆపుటకు వాడిని పెట్టకూడదు. స్త్రీల సమాజమునుండి ఇద్దరు, యౌవనస్థులలో ఇద్దరు వంతులు వేసుకొన్నారు. మార్కు 2వ అధ్యాయములో పక్షవాయువుగల వానిని మోసుకొనివచ్చినవారు నలుగురని మేము వారికి జ్ఞాపకము చేశాము. వారిలో ఒక చిన్నవాడు, "అయ్యగారూ, వాళ్ళు ఒక్కసారే మోశారు, మాకు రోజూ ఉంది" అన్నాడు. నిజమే.

నాలుగు నెలలు పట్టింది. మధ్యలో ఒకనాడు ఎవరూ లేనప్పుడు గడప దాటబోయి పడ్డారు, దేవుని కృపవలన ఎముక విరుగలేదు గాని రెండు వారములు మంచము దిగనని మొండికేశారు. ఇప్పుడు నాలుగు కాళ్ళ కర్రతో రాత్రి ఒక్కరే దొడ్లోకి వెళ్ళివస్తున్నారు. ఎడమచెయ్యి మాత్రము రాలేదు. ఆయన దానిని అద్భుత సాక్ష్యముగా చెప్పరు, మేమును చెప్పమని అడుగలేదు. కోడలు రాత్రి నిద్రపోతున్నది. సాయంత్రము నీళ్ళు త్రాగుతున్నారు.

ఇది ఒక్క ఇంటి మాట గదా, అందరికి పనిచేస్తుందా అని అడిగేవారికి ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. వైద్య పరిశోధనలను సరిచూచే కోక్రేన్ అను అంతర్జాతీయ సంస్థ 2020లో పక్షవాత రోగులకు దూరమునుండి ఇచ్చే శిక్షణపైన జరిగిన 22 పరిశోధనలను, వాటిలోని 1,937 మంది ఫలితములను కలిపి చూచింది. రోజువారీ పనులు చేసుకొనుటలో వీరికి, మామూలు పద్ధతిలో చేసినవారికి చెప్పుకోదగిన తేడా కనబడలేదు. నిలకడ విషయములోను అంతే, అయితే అక్కడ రుజువు అంత బలముగా లేదు. అనగా ఫోను ఎక్కువ చేయలేదు, తక్కువా చేయలేదు. ముప్పై కిలోమీటర్లు వెళ్ళలేనివారికి ఆ మాటే పెద్ద ఆదరణ.

మన దేశములోనే జరిగిన మరియొక పరిశోధన ఉన్నది. లూధియానా క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు అందులో ముందున్నారు. దాని పేరు అటెండ్. 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులు. సగము మంది ఇంటివారికి వ్యాయామము చేయించుట నేర్పి పంపారు, సగము మందిని మామూలుగా పంపారు. 2017లో ఫలితము ప్రచురించారు. ఆరు నెలల తరువాత చనిపోయినవారు, ఇతరులపైన ఆధారపడినవారు కలిసి రెండు గుంపులలోను నూటికి 47 మందే. ఇంటివారికి నేర్పుట ఒక్కటే చాలలేదు. ఆ వైద్యులు నిజాయితీగా ఆ మాట వ్రాశారు. దీనినిబట్టి ఇంటివారి శ్రమ వ్యర్థమని మేము అనుకొనుట లేదు. నేర్పి వదలివేయుట వేరు, వారము వారము చూచి మార్చుచుండుట వేరు అని మా అభిప్రాయము.

తొందర కూడ పనికిరాదు. మొదటి 24 గంటలలోనే ఎక్కువసార్లు లేపి నిలబెట్టి నడిపిస్తే త్వరగా కోలుకొంటారేమోనని 2,104 మందితో చేసిన అవర్ట్ అను పరిశోధన, అలా చేసినవారి ఫలితము మామూలు వారికంటె కొంచెము తక్కువగానే ఉన్నదని 2015లో తేల్చింది. కాబట్టి ఆసుపత్రి మంచముమీద ఉన్నవానిని చూడబోయి, లేపి నడిపించకండి.

ఖర్చు సంగతి. 2020 మార్చిలో కేంద్ర ప్రభుత్వము దూరవైద్యమునకు నియమములు ప్రకటించింది. అంతకుముందు 2019లోనే ఈ-సంజీవని అను ఉచిత సేవ మొదలైంది. మీ ఊరి ఆరోగ్య కేంద్రములో అడిగితే దాని ద్వారా వైద్యునితో మాట్లాడించగలరు, బి.పి. మాత్రల సలహాకు అది ఎంతో ఉపయోగము. ఫిజియోథెరపీకి మాత్రము మీరు చూపించుకొన్న ఆసుపత్రిలోనే, ఇంటికి పంపే దినముననే, ఫోనులో చూచే వీలున్నదా అని అడగండి. అడుగనివారికి వారంతట వారు చెప్పరు.

మరి రెండు సంగతులు సంఘకాపరులు, పెద్దలు తెలిసికొనవలసినవి. పక్షవాతము వచ్చినవారిలో కొందరు కారణము లేకుండ ఏడుస్తారు, నవ్వకూడనిచోట నవ్వుతారు. అది మెదడుకు తగిలిన గాయము. దయ్యము కాదు, గద్దింపు ప్రార్థనలు అక్కరలేదు, వైద్యునికి చెబితే మందున్నది. మరికొందరు, ముఖ్యముగా ఎడమవైపు పడినవారు, కంచములో ఎడమవైపున్న కూరను చూడనే చూడరు, ఎడమవైపు నిలబడి పిలిస్తే పలుకరు. మొండితనము అనుకొని కోపపడతారు. వారికి ఆ వైపు ఉన్నదనే తోచదు. అట్టివారు గోడలకు, తలుపులకు తగిలి పడతారు గనుక ఫోనులో చూచేవారికి ఇది తప్పక చెప్పాలి. మూడింట ఒక వంతు మందికి దిగులు జబ్బు పట్టుకొంటుంది. మాటలాడక గోడవైపు తిరిగి పడుకొన్న మనిషిని వ్యాయామము చేయుట లేదని కేకలు వేసేకంటె, ఆ దిగులుకు ముందు చికిత్స చేయించండి.

ఎంత చేసినా నడక రానివారు ఉంటారు. మెఫీబోషెతు ఐదేండ్ల వయస్సులో దాది చేతినుండి పడి రెండు కాళ్ళు కుంటివాడయ్యాడు. దావీదు అతనిని పిలిపించి రాజుబల్లయొద్ద భోజనమునకు కూర్చుండబెట్టాడు. 2 సమూయేలు 9వ అధ్యాయము చివరివరకు చదవండి, అతని కాళ్ళు బాగుపడినట్లు అక్కడ లేదు. ప్రతిదినము బల్లయొద్ద చోటు మాత్రమున్నది. మన మందిరములలో చాపలమీద కూర్చొనలేనివారికి గోడప్రక్కన రెండు గట్టి కుర్చీలు, మెట్లకు ఒక పట్టుకమ్మీ వేయించుటకు ఈ నెల కమిటీలో మాటలాడండి. ప్రభువు బల్ల వడ్డించునప్పుడు వారిని ముందుకు నడిచి రమ్మనక, వారు కూర్చున్న చోటికే పాత్ర తీసుకొనివెళ్ళండి.

మాట పడిపోయినవారితో ఇంటివారు ఎలా మాటలాడాలో వచ్చే నెల వ్రాస్తాము.